‘న్యాబ్’ – ఒక పొట్టి మాట పుట్టుపూర్వోత్తరాలు

గత సంవత్సరం సంక్రాంతి వెళ్లిన నాలుగవ నాడు, సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతం నుండి ఒక తెలుగు తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త మరమగ్గాల కార్ఖానాలో పనివాడు. సిరిసిల్ల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చి, ముప్పై ఏండ్లుగా ఇక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబం వారిది. పండుగలకూ, బతుకమ్మ ఆటకూ కలుసుకొనే పరిచయమే తప్ప ఎన్నడూ ఏ సహాయమూ కోరి వచ్చినవారు కారు. ఆమె కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఒక ఆంగ్ల దినపత్రిక ముక్కను నా చేతిలో పెట్టింది.

“అన్నా, ఇండ్ల మా పిలగాని పేరున్నదట. ఈ పొట్టి మాటకు అర్థమేంది? దొంగ అని రాసిండ్రా?” అని అడిగింది.

ఆమె వ్రేలు నిలిచిన చోట ఉన్న మాట ‘న్యాబ్డ్’.

జరిగిన సంగతి ఇది. ఉత్తరాయణ పర్వదినాన సూరత్ నగరమంతా మేడల మీదనే ఉంటుంది. పంతొమ్మిదేండ్ల ఆ కుర్రవాడు తెగిన గాలిపటం వెంట పరుగెత్తి, పక్క వీధిలోని ఒక మేడపైకి ఎక్కాడు. అదే సమయంలో ఆ ఇంట్లో ఒక సెల్‌ఫోను కనబడకుండా పోయింది. కొత్త ముఖం కనబడగానే నలుగురూ పట్టుకొని పోలీసులకు అప్పగించారు. అతని దగ్గర ఏమీ దొరకలేదు. ఆ రాత్రే ఇంటికి పంపివేశారు. మూడవ రోజున ఆ ఫోను ఆ ఇంటి పరుపుల మధ్యనే దొరికింది. కాని ఈలోగా పేరుతోనూ, పేటతోనూ నాలుగు పంక్తుల వార్త అచ్చయిపోయింది. మరుసటి వారం పనిలో చేర్చుకొంటానన్న కార్ఖానా యజమాని “తరువాత చూద్దాం” అన్నాడు.

‘న్యాబ్’ అంటే పట్టుకోవడం అని ఆమెకు చెప్పాను. ఆమె కొంతసేపు ఆలోచించి, “పట్టుకున్నరని రాస్తె అది నిజమే గదన్నా. మరి అందరు దొంగ అనే ఎందుకు చదువుతున్నరు?” అని ప్రశ్నించింది.

ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. తరువాత నిఘంటువులు తిరగవేసి, చరిత్ర గ్రంథాలు చూసి తెలుసుకొన్న కొన్ని విషయాలను మన పత్రిక పాఠకులతో, ముఖ్యంగా ఆంగ్ల పత్రికలు చదివే మన పిల్లలతో, పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట – దాని అర్థం

‘న్యాబ్’ అనే ఆంగ్ల క్రియకు అర్థం హఠాత్తుగా పట్టుకోవడం, తప్పించుకొనే వ్యవధి ఇవ్వకుండా చేజిక్కించుకోవడం. మన ‘ఒడిసిపట్టు’ అనే మాట దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. భూతకాలంలో చివరి అక్షరం రెట్టింపై ‘న్యాబ్డ్’ అవుతుంది. ఇది సంభాషణలో వాడే మాట. న్యాయస్థానపు తీర్పులోనో, అధికార పత్రంలోనో వాడవలసి వస్తే ‘అరెస్టు’ అంటారు. మరింత గంభీరంగా ‘అప్రిహెండ్’ అంటారు. చనువుగా మాట్లాడుకొనేటప్పుడు రైలులో కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకొన్నా, విందులో చివరి లడ్డూ అందుకొన్నా ‘న్యాబ్’ చేశాననడం కద్దు. వస్తువుల విషయంలో అది పరిహాసం. మనుష్యుల విషయంలో మాత్రం పరిహాసం కాదు. పట్టుబడినవాడు ఏదో తప్పు చేసినవాడే అన్న భావం ఆ మాటను అంటిపెట్టుకొనే ఉంటుంది.

నిఘంటుకారుల లెక్క ప్రకారం ఈ క్రియ 1680 ప్రాంతంలో ఆంగ్ల రచనలలో కనబడుతుంది. దీనికి కొద్దిగా ముందునుండే, ఇదే అర్థంలో, ‘న్యాప్’ అనే మాండలిక రూపం ఉంది. దాని ఉచ్చారణ మారి ‘న్యాబ్’ అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ ‘న్యాప్’ కూడా ఉత్తర ఐరోపా నుండి వచ్చి ఉండవచ్చునంటారు. స్వీడిష్ భాషలో ‘నప్ప’, నార్వేజియన్‌లో ‘నప్పె’ అనే మాటలకు లాగుకొను, చటుక్కున పట్టుకొను అనే అర్థాలు ఉన్నాయి. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రచురించిన ప్రసిద్ధ నిఘంటువులో ఈ మాటకు చోటిచ్చి, స్వీడిష్ మూలాన్ని చూపి, అది నీచస్థాయికి చెందిన పదమని ముద్ర వేశాడు.

ఆ ముద్రకు కారణం ఉంది. ఇటువంటి మాటలు పెరిగినది విద్యావంతుల ఇళ్లలో కాదు. లండన్ నగరపు సందులలో, జేబుదొంగలు, దేశదిమ్మరులు తమలో తాము మాట్లాడుకొనే రహస్య భాషలో. ఆ భాషలో పదహారవ శతాబ్దం నుండే ‘న్యాబ్’ అని తలకు మరొక పేరు కూడా ఉండేది. ఆ నామవాచకానికీ ఈ క్రియకూ సంబంధం రుజువు కాలేదు. కాని రెండూ ఒకే వీధులలో తిరిగిన మాటలే.

చుట్టాలు – చుట్టాలవలె కనబడేవి

‘న్యాప్’ అనే పాత రూపం ఈనాడు విడిగా వాడుకలో లేకపోయినా, ఒక మాటలో భద్రంగా నిలిచి ఉంది. అదే ‘కిడ్‌న్యాప్’. ‘కిడ్’ అంటే పిల్లవాడు, ‘న్యాప్’ అంటే ఎత్తుకొనిపోవడం. 1670 దశకంలో ‘కిడ్‌న్యాపర్’ అన్న మాట ముందు పుట్టింది. అమెరికాలోని వలస తోటలలో పనివారు కావలసివచ్చి, ఇంగ్లండు రేవులలో పిల్లలనూ, యువకులనూ మాయచేసి, బలవంతాన ఓడలెక్కించే ముఠాలకు ఆ పేరు పెట్టారు. పనివాని నుండి పని పుట్టినట్లు, ఆ పేరు నుండే ‘కిడ్‌న్యాప్’ అనే క్రియ ఏర్పడింది.

పోలీసువానికి వాడుకలో ఉన్న ‘కాప్’ అనే మాట కూడా పట్టుకోవడం నుండి వచ్చినదే. పద్దెనిమిదవ శతాబ్దారంభంలో ఉత్తర ఇంగ్లండు మాండలికంలో ‘కాప్’ అంటే పట్టుకొను అని అర్థం. పట్టేవాడు ‘కాపర్’ అయ్యాడు. రాగి గుండీల వల్ల ఆ పేరు వచ్చిందని చెప్పేది కేవలం పుక్కిటి పురాణం. ‘క్యాచ్’, ‘చేజ్’ అనే మాటలు ఒకే తల్లి బిడ్డలు. పట్టుకొను అనే అర్థమున్న ఒక లాటిన్ ధాతువు ఫ్రాన్సు దేశపు రెండు ప్రాంతాల ఉచ్చారణలలో రెండుగా చీలి, ఒకటి పట్టుకోవడంగాను, మరొకటి తరమడంగాను ఇంగ్లండు చేరింది. ‘అరెస్టు’ మాత్రం వేరే కుటుంబం. దాని మూలార్థం నిలుపుట, ఆపుట. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంటుంది. దీని అవసరం ముందు వస్తుంది.

చుట్టరికం లేకపోయినా ఉన్నట్లు కనబడే మాటలు కూడా ఉన్నాయి. ఆంగ్లంలో ‘నేబాబ్’ అనే మాట ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో మన దేశంలో అపార ధనం గడించి తిరిగి వెళ్లిన ఆంగ్లేయులను వారి దేశస్థులు ఎగతాళిగా అలా పిలిచేవారు. చేజిక్కించుకొని పోయినవారు గనుక ‘న్యాబ్’ నుండి వచ్చిందేమో అనిపిస్తుంది. కాని అది మన ‘నవాబు’ శబ్దమే. అరబ్బీ మూలం కలది. అలాగే ‘గ్రాబ్’ అనే క్రియకు లాక్కొను అని అర్థం. పశ్చిమ తీరంలో కన్హోజీ ఆంగ్రే నౌకాదళంలో ఉండిన ఒక రకం యుద్ధనౌకను కూడా ఆంగ్లేయులు ‘గ్రాబ్’ అనే వ్రాశారు. అది కాకి అనే అర్థమున్న ‘గురాబ్’ అనే అరబ్బీ మాట. క్రియ డచ్చి, జర్మను ప్రాంతపుది. పేరొకటే, పుట్టుక వేరు.

ఇక ‘లూట్’ అనే ఆంగ్ల పదం సాక్షాత్తు మన దేశపు మాటే. ‘లూటీ’ అని తెలుగులోనూ ఉంది. 1664లోను, 1670లోను శివాజీ దండు సూరత్‌ను కొల్లగొట్టిన వృత్తాంతం ఈ నగరంలో నేటికీ చెప్పుకొంటారు.

సూరత్ రేవులో ఒక గుణపాఠం

ఆంగ్లభాష మన దేశంలో అడుగుపెట్టిన తొలి వాకిళ్లలో సూరత్ ఒకటి. మన మచిలీపట్నంలో 1611లో ఆంగ్లేయులు వర్తకశాల తెరిచారు. సూరత్‌కు విలియం హాకిన్స్ 1608లోనే వచ్చినా, 1612లో సువాలి వద్ద పోర్చుగీసువారిపై గెలిచిన తరువాతనే ఇక్కడ వారి వర్తకశాల నిలదొక్కుకొంది. ఆ సువాలి తీరం నేడు మన వారెందరో పనిచేస్తున్న హజీరా పారిశ్రామిక ప్రాంతానికి పొరుగున ఉంది. ఆదివారాలలో పిల్లలను తీసుకొని మనం విహారానికి వెళ్లే ఇసుకతిన్నెలు అవే.

‘న్యాబ్’ అనే మాట లండన్ వీధులలో కొత్తగా వినబడుతున్న కాలంలోనే, పట్టుకోవడానికి సంబంధించిన ఒక పెద్ద ఉదంతం సూరత్ కేంద్రంగా నడిచింది. 1695 సెప్టెంబరులో హెన్రీ ఎవ్రీ అనే ఆంగ్లేయ ఓడదొంగ ‘ఫ్యాన్సీ’ అనే తన ఓడతో ఎర్రసముద్రం నుండి సూరత్‌కు తిరిగివస్తున్న నౌకలపై పడ్డాడు. మొదట సూరత్ మహావర్తకుడు అబ్దుల్ గఫూర్ నౌక చిక్కింది. తరువాత ఔరంగజేబు చక్రవర్తికి చెందిన ‘గంజ్-ఇ-సవాయీ’ చిక్కింది. అందులో మక్కాయాత్ర ముగించుకొని వస్తున్న భక్తులు ఉన్నారు. దొంగలు రోజుల తరబడి దోచుకొన్నారు, ఘోరకృత్యాలు జరిపారు.

ప్రాణాలతో మిగిలినవారు సూరత్ చేరగానే నగరం అట్టుడికిపోయింది. దొంగ ఆంగ్లేయుడు. కనుక అందుబాటులో ఉన్న ఆంగ్లేయులను పట్టుకోవాలి. వర్తకశాల అధిపతి శామ్యూల్ యానస్లీ మొదలు గుమాస్తాల వరకు అందరినీ సంకెళ్లతో నిర్బంధంలో ఉంచారు. ప్రజల ఆగ్రహం నుండి వారిని కాపాడడం కూడా అధికారుల ఉద్దేశాలలో ఒకటని చరిత్రకారులు చెబుతారు. ఏమైనా, ఎవ్రీ చేసిన పనితో పొత్తు లేని ఆ వర్తకులు నెలల తరబడి బందీలుగా గడిపారు. వారి నేరమల్లా దొంగ మాట్లాడే భాషే వారూ మాట్లాడడం.

లండన్‌లో ఎవ్రీ తలకు 500 పౌనుల బహుమానం ప్రకటించారు. ఈస్టిండియా కంపెనీ తన వంతుగా మరికొంత కలిపింది. సముద్రాలన్నిటా వెదికారు. అతని అనుచరులలో ఆరుగురిని 1696లో లండన్ న్యాయస్థానంలో నిలబెట్టగా, మొదటి విచారణలో జ్యూరీవారు నిర్దోషులన్నారు. వేరొక అభియోగం మోపి మళ్లీ విచారించి, ఆ నవంబరులో ఐదుగురిని థేమ్స్ నదీతీరాన ఉరితీశారు. హెన్రీ ఎవ్రీ మాత్రం ఎన్నటికీ దొరకలేదు. అతని కడపటి రోజుల సంగతి ఇదమిత్థమని చెప్పగలవారు లేరు.

“దొరికితే దొంగ, దొరక్కపోతే దొర” అన్న మన సామెతకు ఇంతకంటె నిదర్శనం మరొకటి ఉండబోదు. దొంగతనం చేసినవాడు దొరకలేదు. దొరికినవారు దొంగతనం చేయలేదు. మధ్యలో నలిగినది ‘పట్టుకోవడం’ అనే మాట.

మన ‘పట్టు’

ఆంగ్లభాషను తప్పుపట్టే ముందు మన భాషను కూడా చూసుకోవడం న్యాయం. తెలుగులో ‘పట్టు’ అనే ధాతువుకు ఉన్నంత విస్తృతి బహు కొద్ది మాటలకు ఉంది. బ్రౌను దొర 1852 నాటి నిఘంటువులో దీనికి అనేకార్థాలు ఇచ్చాడు. నిద్ర పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, పాట మనసుకు పడుతుంది. పనిని చేపడతాం. ఎదుటివాని కష్టం పట్టించుకొంటాం. పట్టుదల గొప్ప గుణం; పట్టువిడుపులు లోకజ్ఞానం. చీరకు వాడే ‘పట్టు’ మాత్రం సంస్కృతపు ‘పట్ట’ శబ్దానికి సంబంధించినది. దీనికీ దానికీ రూపసామ్యమే తప్ప రక్తసంబంధం లేదు. వస్త్రనగరమైన సూరత్‌లో బ్రతికే తెలుగు నేతగానికి రెండు ‘పట్టు’లూ నిత్యావసరాలే.

ఇంత ఉదారమైన మాట, మనిషి విషయంలో ‘పట్టుబడ్డాడు’ అయ్యేసరికి ఎంత ఇరుకైపోయిందో గమనించండి. ‘ఫలానా ఆయనను పట్టుకున్నారట’ అని క్యాంటీనులో ఒక మాట వినబడితే, ‘ఎందుకు?’ అని అడిగేవారి కంటె ‘ఎంత తిన్నాడట?’ అని అడిగేవారే ఎక్కువ. శాఖాపరమైన విచారణ జరుగుతున్నప్పుడు సస్పెన్షనులో ఉంచడం శిక్ష కాదని సర్వీసు నిబంధనలు తెలిసినవారందరికీ తెలుసు. అయినా ఆ ఉద్యోగి పిల్లలు కాలనీ బస్సులో ఎక్కినప్పుడు వారివైపు తిరిగే చూపులు నిబంధనలు చదివిన చూపులు కావు.

మూడు అక్షరాల సౌకర్యం

వార్తాపత్రికలు ‘న్యాబ్’ అనే మాటను ఇంతగా ఆదరించడానికి కారణం దురుద్దేశం కాదు, చోటు చాలకపోవడం. ఆంగ్లంలో ‘అరెస్టు’కు ఆరు అక్షరాలు కావాలి, ‘అప్రిహెండ్’కు తొమ్మిది కావాలి, ‘న్యాబ్’కు మూడు చాలు. సన్నని కాలమ్‌లో పెద్ద అక్షరాల శీర్షిక పట్టాలంటే పొట్టి మాటలే కావాలి. ఆ విధంగా ఒకప్పటి దొంగల భాష నేటి శీర్షికల భాష అయింది.

అయితే మాట తన వెంట తన పాత వాసనను కూడా తెచ్చుకొంటుంది. ‘అరెస్టు’ అన్నప్పుడు చట్టం ఒక వ్యక్తిని ఆపింది అని మాత్రమే అర్థం. మూలార్థం కూడా అదే. ఆపినవానిని అడగవచ్చు, విచారించవచ్చు, వదిలివేయవచ్చు. ‘న్యాబ్’ అన్నప్పుడు తప్పించుకోబోతున్నవాడిని చటుక్కున దొరకబుచ్చుకొన్నట్లు బొమ్మ కడుతుంది. పారిపోతున్నవాడు దొంగ కాక ఏమవుతాడు? ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇదే. పత్రిక అబద్ధం వ్రాయలేదు. మాట తీర్పు చెప్పింది.

మన రాజ్యాంగం ఈ విషయంలో పత్రికా శీర్షికల కంటె ఎంతో జాగ్రత్త వహించింది. 22వ అధికరణం ప్రకారం అరెస్టు అయిన వ్యక్తికి కారణం తెలియజేయాలి. తన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఉంటుంది. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు మరికొన్ని సూత్రాలు విధించింది. అరెస్టు చేసే అధికారి తన పేరు కనబడేటట్లు ధరించాలి. సాక్షి సంతకంతో అరెస్టు పత్రం వ్రాయాలి. బంధువుకో మిత్రునికో సమాచారం అందజేయాలి. ఊరుగాని ఊరిలో, భాషగాని భాషలో బ్రతికే మన వారు ఈ విషయాలన్నీ తమ ఇంటి పిల్లలకు తప్పక నేర్పాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది గనుక చాలామంది పిల్లలకు మాతృభాష చదవడం వచ్చు. పోలీసు స్టేషనులోని కాగితం మాత్రం గుజరాతీలో ఉంటుంది. చదివించుకొని, అర్థమైన పిదపనే సంతకం చేయాలని చెప్పాలి.

తరువాతి సంగతి

పాఠకులు ఆ కుర్రవాని సంగతి తెలుసుకోగోరుతారు. మరుసటి ఆదివారం అతని తండ్రి, నేను, మా విభాగంలోని మరో మిత్రుడు కలిసి ఆ కార్ఖానా యజమానిని కలుసుకొన్నాం. ఆయన పెద్దమనిషి. పత్రిక ముక్కను బల్లమీద పెట్టి, “పకడాయో ఏట్లే చోర్” అన్నాడు. పట్టుబడ్డాడంటే దొంగ అని దాని భావం. భాష మారినా సామెత మారలేదు. ఫోను దొరికిన ఇంటివారి చేతనే రెండు పంక్తులు వ్రాయించి తెచ్చి చూపాం. ఆయన రెండుసార్లు చదివి, ఒకటవ తేదీ నుండి రమ్మన్నాడు.

పత్రికా సంపాదకునికి కూడా మర్యాదగా ఒక ఉత్తరం వ్రాశాం. పది రోజుల తరువాత లోపలి పుటలో, అడుగున, ఆ యువకునిపై ఎటువంటి కేసూ లేదని, పోయిన వస్తువు ఆ ఇంట్లోనే దొరికిందని రెండు పంక్తులు వచ్చాయి. మొదటి వార్తకు శీర్షిక ఉంది. దీనికి లేదు.

ఆ ముక్కను కత్తిరించి ఆ తల్లికి ఇచ్చాను. అందులో ఏమున్నదో చదివి చెప్పాను. ఆమె మొదటి ముక్కను చింపివేస్తుందనుకొన్నాను. చింపలేదు. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి, మడిచి, మళ్లీ కొంగున ముడి వేసుకొంది.

“రెండు ఉండాలన్నా. ఎవలన్న మొదటిది సూపెడితే రెండోది సూపెడుత” అన్నది.

మిత్రులారా, రేపు ఉదయం పత్రిక తెరిచినప్పుడు ఆ మూడు అక్షరాల మాట మన కంటబడక తప్పదు. అది చెప్పేది ఒక మనిషిని పట్టుకొన్నారని మాత్రమే. మిగిలిన సగం వార్త ఇంకా రావలసి ఉంది. అంతవరకు ఆ మనిషి ఇంటి తలుపు తట్టవలసివస్తే, ఎప్పటివలెనే తట్టుదాం.